పిల్లుల కొంకిపురుగు: ఇసుక కుప్ప నుంచి కుండీ వరకు

పిల్లులకు సోకే కొంకిపురుగు పశువైద్యుల విషయమని వ్యవసాయ శాస్త్రజ్ఞులు పక్కన పెట్టడం పరిపాటి. ఆ పురుగు గుడ్డు దశ నుంచి సోకే దశ వరకు మట్టిలోనే గడుపుతుంది కనుక ఈ ఉపేక్ష సమర్థనీయం కాదు.

చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్‌లలో పాత ఇళ్ల స్థానంలో అపార్టుమెంట్లు వెలుస్తున్నాయి. సందుల్లో ఇసుక కుప్పలు, మేడలపై పూలకుండీలు సర్వసాధారణం. మలాన్ని కప్పిపెట్టే అలవాటున్న పిల్లి గుల్లగా ఉన్న నేలనే వెదుకుతుంది. ఇసుక, కొబ్బరి పొట్టు, పశువుల ఎరువు కలిపిన కుండీ మిశ్రమం దానికి ఎంతో అనుకూలం. వేళ్లకు గాలి, తేమ, నీడ అందాలని పెంపకందారు చేసే ఏర్పాటే డింభకాలకూ ఉపకరిస్తుంది. వెచ్చని తడిమట్టిలో గుడ్లు ఒకటి రెండు రోజుల్లో పొదుగుతాయి. సుమారు వారం పది రోజులకు మూడవ దశ డింభకాలు చర్మాన్ని తొలుచుకుపోగలవు.

పేగు గోడను కరచుకున్న సెంటీమీటరు పురుగు చోటు మార్చినా పాత గాయం నుంచి రక్తం స్రవిస్తూనే ఉంటుంది. పెద్ద పిల్లి తట్టుకోవచ్చు; కూన చిగుళ్లు పాలిపోయి, నల్లని విరేచనాలతో ప్రాణం కోల్పోవచ్చు. ఆసియాలో పిల్లులకు, కుక్కలకు సోకే ఆంకైలోస్టోమా సైలానికం మనిషి పేగులోనూ ఎదుగుతుంది.

నారాయణగూడలో ప్రభుత్వ పశువైద్యశాల ఉన్నది. పెంపుడు పిల్లికి నట్టల మందు వేయించడం కష్టం కాదు. అయితే మందు తిన్న పిల్లి మళ్లీ అదే ఇసుకలోకి దిగుతుంది. వీధి పిల్లుల సంగతి చెప్పనే అక్కరలేదు.

మిద్దెతోట శిక్షణలో మట్టి పరిశుభ్రతకూ చోటుండాలి. కుండీ మట్టిపై ఇనుప వల, ఇసుక కుప్పపై రాత్రిపూట టార్పాలిన్ పట్టా, మట్టిపనికి చేతి తొడుగులు ఖర్చుతో కూడినవి కావు. వాడిన మిశ్రమాన్ని వేసవి ఎండలో పలుచగా ఆరబోస్తే డింభకాలు ఎండిపోయి చస్తాయి. వర్మీకంపోస్టు తగినంత వేడెక్కదు కనుక పిల్లి మలాన్ని అందులో వేయమని ఎవరూ సలహా ఇవ్వరాదు. ఆకుకూరల మడులకైతే ఏ కంపోస్టు రూపంలోనూ అది పనికిరాదు.

ఉమ్మడి రాష్ట్రంలో 2005లో తిరుపతి కేంద్రంగా పశువైద్య విశ్వవిద్యాలయం ఏర్పడేవరకు ఈ రెండు విద్యలూ ఒకే విశ్వవిద్యాలయంలో సాగాయి. నేడు తెలంగాణ వ్యవసాయ, పశువైద్య విశ్వవిద్యాలయాలు రెండూ రాజేంద్రనగర్‌లోనే ఉన్నాయి. ఒక విభాగం కుండీ మట్టిని, మరొకటి పిల్లి మలాన్ని పరీక్షించే ఉమ్మడి అధ్యయనాన్ని స్నాతకోత్తర విద్యార్థులు ఇద్దరు ఒక వర్షాకాలంలో, ఈ మూడు పేటలలోనే చేపట్టవచ్చు.