పాత కంప్యూటరూ, క్రొత్త విండోసూ

మా కాలేజీ మేష్టర్ల గదిలో ఈమధ్య రెండు పార్టీలు లేచాయి. ఎన్నికల పార్టీలు కావు లెండి. కంప్యూటర్లో విండోస్ 10 వుంచుకోవాలనేవారు ఒక పక్షం, విండోస్ 11కు మారాలనేవారు మరొక పక్షం. భౌతికశాస్త్రం చెప్పే కుర్ర మిత్రుడు మార్పు పక్షానికి నాయకుడు. మా తెలుగు శాఖలోనే వుండి, వచ్చే యేడు రిటైరు కాబోతున్న పెద్దాయన, "పనిచేసే యంత్రాన్ని కదపకండయ్యా!" అనే పక్షం. తెలుగు పంతులుకు ఈ తగాదాలో పనేమిటంటారేమో! ఇద్దరి వాదనా విన్నవాణ్ణి కనుక, నాకు తోచిన తీర్పు మనవి చేస్తాను.

పెద్దాయన మాటలో బలం లేకపోలేదు. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీకి అలవాటుపడ్డ జనానికి 2007లో విస్టా అనేదాన్ని చేతికిచ్చారు. చాలా కంప్యూటర్లు దాని బరువు మొయ్యలేక నత్తనడక నడిచేసరికి, ఎంతోమంది మళ్ళీ ఎక్స్‌పీ గూటికే చేరారు. 2009లో విండోస్ 7 వచ్చేదాకా ఆగినవారు నష్టపోయిందేమీ లేదు. ఎందుకంటే ఎక్స్‌పీకి మరమ్మతులు 2014 ఏప్రిల్ దాకా అందుతూనే వున్నాయి.

ఈ మరమ్మతుల మాటే అసలు కీలకం. రంగులూ, బొమ్మలూ పై వేషాలు. ఎంత నేర్పుగా కట్టిన ఇంట్లోనైనా ఎక్కడో ఒక సందు మిగులుతుంది. దొంగ దాన్ని కనిపెట్టేలోగా మేస్త్రీ వచ్చి పూడ్చిపోవాలి. 2017 మే నెలలో వన్నాక్రై అనే దుష్ట ప్రోగ్రాము దేశదేశాల కంప్యూటర్లలో జొరబడి, ఫైళ్ళకు తాళాలు వేసి, డబ్బిస్తేగాని తియ్యనంది. బ్రిటన్‌లో కొన్ని ఆసుపత్రులు రోగులను త్రిప్పి పంపవలసివచ్చింది. మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖవారి కంప్యూటర్లు కూడా కొన్ని దాని వాతబడ్డాయి. చిత్రమేమంటే, ఆ సందు పూడ్చే మరమ్మతు అంతకు రెండు నెలల ముందే, మార్చిలోనే, వచ్చింది. దెబ్బతిన్నవాటిలో ఎక్కువ భాగం విండోస్ 7 యంత్రాలు. వాటికి అప్పటికింకా మరమ్మతులు వస్తూనే వున్నాయి. వేసుకున్నవారు బయటపడ్డారు, అశ్రద్ధ చేసినవారు పడిపోయారు.

కనుక మనం అడగవలసింది "క్రొత్తది బాగుంటుందా?" అని కాదు, "పాతదానికి మేస్త్రీ వస్తున్నాడా?" అని. 2015లో పుట్టిన విండోస్ 10కి మామూలు మరమ్మతులు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. పేరు నమోదు చేసుకున్న గృహస్థులకు 2026 అక్టోబరు 13 వరకు గడువిచ్చారు. మరమ్మతులు అందని కంప్యూటర్లో బ్యాంకు లావాదేవీలు నడపడం, వీధి తలుపు తీసి నిద్రపోవడం వంటిది. ఇంతవరకు మా కుర్ర మిత్రుడిదే గెలుపు.

కాని అన్ని యంత్రాలూ మార్పుకు ఒప్పుకోవు. విండోస్ 11కు 4 జీబీ మెమరీ, 64 జీబీ చోటు వుంటే చాలదు, టీపీఎం 2.0 అనే రక్షణ ఏర్పాటు వుండాలి, ప్రాసెసరు కూడా వారి జాబితాకెక్కినదై వుండాలి. అంతమాత్రాన, నిక్షేపంగా నడిచే కంప్యూటరును పాత సామాన్లవాడికి వెయ్యనక్కరలేదు. 1991లో ఫిన్లాండులో లైనస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి మొదలుపెట్టిన లినక్స్ వుంది. అది ఉచితం. దానిలో పాత యంత్రాల మీద తేలికగా నడిచే రకాలున్నాయి. కేరళ ప్రభుత్వ పాఠశాలల్లో పిల్లలు దానిమీదే చదువుకుంటున్నారు.

ఇక పెద్దాయన భయానికి అసలు కారణం వేరే వుంది. ఆయన ఇరవై యేళ్ళపాటు ఊరూరా తిరిగి స్త్రీల పాటలు సేకరించారు. పాడిన ముసలమ్మల్లో చాలామంది ఇప్పుడు లేరు. ఆ పాటలన్నీ ‘అను’ ఫాంట్లతో పేజ్‌మేకరులో కూర్చివున్నాయి. ఆ పేజ్‌మేకరు చివరి కూర్పు 2001 నాటిది. ఆ పాత ఫాంట్ల పద్ధతిలో, లోపల దాచేది ఇంగ్లీషు అక్షరాల సంకేతాలను. పైకి మాత్రం తెలుగు వేషం తొడుగుతారు. ఫాంటు లేనిచోట తెరిస్తే వేషం ఊడిపోయి, అర్థంలేని గుర్తులు మిగులుతాయి. యూనికోడు పద్ధతి అలా కాదు. అందులో తెలుగు ‘అ’కు 3077 అని తనదంటూ ఒక సంఖ్య వుంది. విండోస్‌లోనైనా, లినక్స్‌లోనైనా, చేతి ఫోనులోనైనా ఆ సంఖ్య ‘అ’యే.

ఆయన భయం న్యాయమైనదే గాని, మందు మాత్రం పాత యంత్రాన్ని పట్టుకు కూర్చోవడం కాదు. యంత్రం ఎన్నాళ్ళుంటుంది? ఒక రోజు అదే ఆగిపోతుంది. అప్పుడు పాటలూ పోతాయి. పాత వ్రాతను యూనికోడులోకి మార్చే ప్రోగ్రాములు దొరుకుతున్నాయి. అవి ఒత్తుల దగ్గర తడబడతాయి కనుక, ఎవరైనా కూర్చుని ప్రూఫు దిద్దాలి. ఆ పని మా ఎం.ఏ. విద్యార్థులకు అప్పగిద్దామంటే పెద్దాయన తల ఊపారు.

మీ ఇళ్ళల్లోనూ ఇటువంటివి వుంటాయి: తాతగారి స్వీయచరిత్రో, పదేళ్ళనాటి పెళ్ళి ఫొటోలో, ఇంటి లెక్కలో. ముందు వాటిని రెండు చోట్ల నకలు తీసి పెట్టండి. పాత ఫాంట్లలో వున్నదాన్ని యూనికోడులోకి మార్పించండి. మరొక కంప్యూటర్లో తెరిచి, అక్షరాలు సరిగా వున్నాయో లేదో చూసుకోండి. ఆ తరువాత విండోస్ 11 వేయించుకుంటారో, లినక్స్ వేయించుకుంటారో మీ ఇష్టం. గడువు మాత్రం దాటనివ్వకండి.