మూటగట్టిన దస్త్రాలెక్కడ?

ఆంధ్ర విశ్వవిద్యాలయ ఉపకులపతి గారికి తగరపువలస చదువరుల నమస్కారాలు.

1926లో బెజవాడలో మొదలైన విద్యాలయం 1930లో వాల్తేరు చేరింది. 1942 ఏప్రిల్ 6న విశాఖపై జపాన్ బాంబులు పడ్డాయి. చదువులు గుంటూరుకు తరలాయి. ఆ హడావుడిలో తొలి ఉపకులపతులు కట్టమంచి రామలింగారెడ్డి, రాధాకృష్ణన్‌ల కాలం నాటి దస్త్రాలు ఎన్ని వెళ్లాయి, ఎన్ని తిరిగొచ్చాయి?

గోస్తని నది ఒడ్డున ఉండే తగరపువలసవాళ్లకు ఈ బెంగ ఊరికే పుట్టలేదు. పక్కనే భీమిలిలో డచ్చివాళ్ల సమాధులున్నాయి. వాళ్ల కాగితాలు చూడాలంటే మాత్రం చెన్నైకో, హేగ్‌కో పోవాలి!

విశ్వవిద్యాలయపు వి.ఎస్. కృష్ణా గ్రంథాలయంలోని తాళపత్రాలకూ, సెనేట్, సిండికేట్ పాత మినిట్స్ పుస్తకాలకూ తెలుగులో జాబితా అచ్చువేయించాలని ఈ చదువరుల మనవి. ఉప్పుగాలికి కాగితం ఎన్నాళ్లని ఓర్చుకుంటుంది? వారానికొక పూట బయటివారికీ తలుపు తీస్తే, వీళ్లు బస్సెక్కి వచ్చేస్తారు.