కత్తి కొత్తది, కథ పాతది

వాడిన సైనికుడు పోయాడు, చేసిన కంపెనీ 2005లో ఖడ్గాల తయారీ మానేసింది, ఇక అడిగేవాళ్లెవరన్న ధీమాతో నడుస్తున్న వ్యాపారమొకటుంది. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ కమాండోలు పట్టిన ఫెయిర్‌బెర్న్-సైక్స్ కత్తి పేరిట నిన్నమొన్నటి సరుకును యుద్ధకాలపు ధరకు అంటగట్టే వ్యాపారం.

షాంఘై మునిసిపల్ పోలీసులో పనిచేసి వచ్చిన విలియం ఫెయిర్‌బెర్న్, ఎరిక్ సైక్స్ 1940 నవంబరులో లండన్‌లోని విల్కిన్‌సన్ స్వోర్డ్ కంపెనీతో కలిసి దీనికి రూపమిచ్చారు. 1941 ఆరంభంలో వెలువడిన మొదటి రకంలో పిడికీ అలుగుకీ మధ్య ఉన్న అడ్డుపట్టీ ఇంగ్లిషు ‘ఎస్’ అక్షరంలా వంపు తిరిగి ఉంటుంది. రెండో రకంలో అది తిన్ననైంది. మూడో రకానికి ఇత్తడి పిడి పోయి, మిశ్రమలోహంతో పోతపోసిన ఉంగరాల పిడి వచ్చింది. యుద్ధం ముగిసినా తయారీ ఆగలేదు. ‘ఇంగ్లండ్’ అన్న ముద్ర ఉన్నవి సాధారణంగా ఆ తర్వాత ఎగుమతికి చేసినవే.

సరిగ్గా ఆ ముద్రే ఆకురాయికి బలవుతోంది. దాన్ని అరగదీసి, ఆ చోట ప్రభుత్వ ఆయుధాలకు వేసే బాణం గుర్తు కొడతారు. ఆమ్లంతో తుప్పు పట్టిస్తారు. అయితే నిజమైన అరుగుదల చెయ్యి పట్టిన చోట, ఒర రాసుకున్న చోట కనిపిస్తుంది. ఆమ్లపు తుప్పు అలుగంతా ఒకేలా పరుచుకుంటుంది. నలుపు మలాం పూసిన తర్వాత కొట్టిన గుర్తు అంచుల్లో మలాం చిట్లి ఉంటుంది. నాటి అలుగులు చేత్తో సానపట్టినవి గనుక ఏ రెండూ అచ్చుగుద్దినట్టు ఉండవు. ఇవన్నీ తెలిసిన వర్తకుడు తెలియనట్టు నటించడమే మా అభ్యంతరం.

నకలు చేయడం నేరం కాదు. సినిమాకు, నాటకానికి, అసలు కొనలేని అభిమానికి నకలు కావాలి. డెహ్రాడూన్‌లో తయారయ్యే సైనిక కత్తుల నకళ్లు విదేశాలకు వెళ్తున్నాయి. నకలుగా అమ్ముడైనంత కాలం అది గౌరవమైన వృత్తే. చేతులు మారేటప్పుడు అబద్ధం తోడైతేనే అది మోసం.

ఆ అబద్ధం చరిత్రనూ చెరుపుతుంది. నాజీ ఎస్.ఎ. దళాధిపతి ఎర్న్‌స్ట్ రోహ్మ్ తన పేరుతో స్నేహవాక్యం చెక్కించి అనుచరులకు బాకులు పంచాడు. 1934లో హిట్లర్ అతణ్ని చంపించాక ఆ వాక్యాన్ని గీకేయమని ఆజ్ఞ వెలువడింది. గీకిన బాకు ఆ నిరంకుశత్వానికి సాక్ష్యం. చెక్కడం చెరగని బాకు అరుదు, అందుకే ఖరీదు. అందుకే మామూలు బాకులపై ఆ వాక్యాన్ని కొత్తగా చెక్కి అమ్మినవాళ్లున్నారు. దొంగ సాక్ష్యాలు పోగుపడితే నిజమైన సాక్ష్యాన్నీ నమ్మేవారుండరు. ఆ నష్టం ఒక్క కొనుగోలుదారుడి జేబుతో ఆగదు.

చట్టాలు ఇక్కడే తప్పుకుంటున్నాయి. అమెరికా 1973 నాటి చట్టంలో నాణేల నకళ్లపై ‘కాపీ’ అని, రాజకీయ ప్రచార వస్తువుల నకళ్లపై తయారీ సంవత్సరాన్ని చెరగకుండా వేయాలని ఆదేశించింది. సైనిక కత్తుల ఊసెత్తలేదు. మన 1972 పురావస్తు చట్టం ఇలాంటి వస్తువుకు వందేళ్లు నిండితేనే పురావస్తువంటుంది. 1941 నాటి కత్తి దాని గడప తొక్కాలంటే 2041 దాకా ఆగాలి. మోసానికి సాధారణ శిక్షాస్మృతి ఉంది కదా అంటారు. ఉంది; కానీ తెలిసే అమ్మాడని రుజువు చేయడం అంత తేలికా?

నాణేనికి వర్తించిన నియమం కత్తికి ఎందుకు వర్తించకూడదో చెప్పగల కారణం మాకు కనిపించడం లేదు. ప్రతి నకలు అలుగుపైనా తయారైన సంవత్సరాన్ని లోతుగా ముద్రించాలి, దాన్ని చెరపడాన్ని ప్రత్యేక నేరంగా ప్రకటించాలి. వేలం సంస్థలు ‘ఉన్నది ఉన్నట్టు’ అనే మాట చాటున దాక్కోకుండా, కాలం తప్పని తేలితే సొమ్ము వాపసిస్తామని రాతపూర్వకంగా హామీ ఇవ్వాలి. ఇవ్వననే సంస్థ దగ్గర పాఠకులు పాట పాడవద్దు.