మిగిలిన ముక్క

తాండూరు నాపరాళ్లు పరచు పనివానిని మనమందఱము చూచియే యుందుము. 13 అడుగుల పొడవు గల గదిలో రెండడుగుల రాళ్లాఱు వరుసగా పరచిన పిదప అరరాతి చోటు మిగులును. అతని నేర్పు నిండురాళ్లయందు గాక, గోడప్రక్కనున్న యా ముక్కయందే తేటపడును. బీజగణితమందును ఇంతియే యని మా యభిప్రాయము.

సంఖ్యను మించని పూర్ణాంకములలో పెద్దది దాని పూర్ణభాగము. దానిని తీసివేయగా మిగిలినది భిన్నభాగము. ఇది సున్నకు తక్కువ గాదు. ఒకటిని ఎన్నడును చేరదు. పూర్ణభాగమునకు చదరపు కుండలీకరణమును గౌస్ పండితుడు 1808లో వాడెను. భిన్నములు మాత్రము మనకు క్రొత్తవి కావు. 11వ శతాబ్దమందే పావులూరి మల్లన మహావీరాచార్యుని గణితమును తెనిగించెను. పాతిక, వీసము మన పెద్దల నోట నాడిన మాటలే.

ఒక లెక్క చూడుడు. ఒక సంఖ్య పూర్ణభాగము దాని భిన్నభాగమునకు నాలుగు రెట్లు. ఆ సంఖ్య యేది? "తెలియనివి రెండు, సమీకరణ మొకటి, ఎట్లు సాధింతుము?" అని బాలురు కలము క్రింద పెట్టుదురు. భిన్నభాగము ఒకటికి తక్కువ యను నియమమే రెండవ యాధారము. కావున పూర్ణభాగము 4కు తక్కువ: 0, 1, 2, 3. భిన్నభాగములు వరుసగా 0, ¼, ½, ¾. సమాధానములు నాలుగు: 0, 1¼, 2½, 3¾.

ఇచట మా తప్పొకటి యొప్పుకొనవలెను. ఋణ 2¼ యొక్క భిన్నభాగము ¾ అని వ్రాసిన యొక బాలునికి మేము తొందరలో తప్పు గుర్తు వేసితిమి. మఱునాడతడు వినయముగా, "అయ్యా, పండ్రెండు గంటలకు రెండుంబావు గంటల ముందు వికారాబాదులో కదలిన బండి యెన్నిటికి కదలినట్లు?" అని యడిగెను. తొమ్మిది ముప్పావునకు! ఋణ 2¼ అనగా ఋణ 3నకు ¾ కలిపినదే గదా. తరగతి యెదుటనే మార్కులు దిద్దితిమి.

కావున ఉపాధ్యాయులారా, తప్పు గుర్తు వేయుటకు ముందు "ఎందుచేత?" అని యడుగుదము. తలిదండ్రులారా, మార్కుల నడిగిన నోటనే కారణమును గూడ నడుగుడు. విద్యార్థులారా, సమాధానము రాగానే పలక మూయక, దానిని నియమముతో సరిచూడుడు. నిండురాళ్లు ఎవరైనను పరచగలరు; మిగిలిన ముక్కను సరిగా కోసి యమర్చినవాడే పనివాడు.