అమెరికాలో గ్రీన్‌కార్డు దరఖాస్తు.. హాలియాలో ఆధారాల వేట

హాలియా: అమెరికాలో శాశ్వత నివాసానికి దరఖాస్తు చేసుకున్న సాఫ్ట్‌వేర్ ఉద్యోగికి అక్కడి పౌరసత్వ, వలస సేవల విభాగం నుంచి ఒక నోటీసు అందితే దాని ప్రకంపనలు సాగర్ ఎడమ కాల్వ ఆయకట్టు దాకా వస్తున్నాయి. న్యాయవాదికి చేరిన ఆ కాగితం మరునాటికల్లా ఊళ్లో ఉన్న తండ్రి సెల్‌ఫోన్‌లో ప్రత్యక్షమవుతుంది. అటుపై మున్సిపల్ కార్యాలయం, చదివిన పాఠశాల, మీసేవ కేంద్రం, నోటరీ చుట్టూ తిరగవలసింది ఆ పెద్దాయనే.

'రిక్వెస్ట్ ఫర్ ఎవిడెన్స్', వాడుకలో ఆర్‌ఎఫ్‌ఈగా పిలిచే ఈ నోటీసు తిరస్కరణ కాదు. దాఖలు చేసిన పత్రాలు చాలలేదని, ఫలానా ఆధారం కావాలని అధికారి కోరడం మాత్రమే. ఆధారాలు అడగకుండానే దరఖాస్తును తోసిపుచ్చే విచక్షణను అధికారులకు కల్పిస్తూ 2018 జులైలో వెలువడిన ఉత్తర్వును 2021 జూన్‌లో ఉపసంహరించారు. ఆ మూడేళ్ల అనుభవం ఎరిగినవారికి ఆర్‌ఎఫ్‌ఈ రావడం అంత చెడ్డ వార్తగా తోచదు.

అయితే గడువు విషయంలో సడలింపు లేదు. నిబంధనల ప్రకారం గరిష్ఠ వ్యవధి 12 వారాలు, అనగా 84 రోజులు. తపాలాకు మరికొన్ని రోజులు కలుపుతారు తప్ప, పొడిగింపు అడిగినా ఇవ్వరు. అంతకన్నా ముఖ్యమైన నిబంధన మరొకటి ఉంది. కోరిన ఆధారాలన్నింటినీ ఒకేసారి సమర్పించాలి. సగం పంపి, మిగతావి తరువాత పంపుతామంటే కుదరదు. పంపినంత వరకే చూసి నిర్ణయం తీసుకోమన్నట్లుగా అధికారులు దానిని భావిస్తారు. అసలు జవాబే ఇవ్వకుంటే దరఖాస్తును వదులుకున్నట్లే.

పుట్టుకకు సాక్ష్యమేది?

హాలియా వంటి చోట్ల తరచూ చిక్కు తెచ్చేది జనన ధ్రువపత్రమే. జనన, మరణాల నమోదు చట్టం 1969లో వచ్చింది. అయినా 1980వ దశకం నాటికీ పల్లెల్లో ఇంటివద్ద జరిగిన పురుళ్లు రిజిస్టరుకు ఎక్కనివి కోకొల్లలు. బడిలో చేర్చేటప్పుడు పంతులు వయసు సరిపోయేలా జూన్‌లోనో, జులైలోనో ఒక తేదీ వేస్తే అదే పదో తరగతి మెమోలోకి, అక్కడి నుంచి పాస్‌పోర్టులోకి వెళ్లింది. అసలు పుట్టిన తేదీ తల్లికి పండుగ గుర్తుతోనో, తిథితోనో తెలుసు. ఇప్పుడు ఆ తేదీతో ఆలస్యపు నమోదు చేయిస్తే పాస్‌పోర్టుతో పొసగదు. మెమోలోని తేదీతో చేయిద్దామంటే తెలిసి తెలిసి తప్పుడు వాంగ్మూలం ఇచ్చినట్లవుతుంది. ఈ సందిగ్ధంలో పడిన కుటుంబం తొందరపడి ఏదో ఒక పత్రం పుట్టించడం కన్నా, తేడాను ఉన్నదున్నట్లుగా న్యాయవాదికి చెప్పి, దానికి కారణం రాతపూర్వకంగా వివరించడమే మేలు. తేడాకు సమాధానం చెప్పుకోవచ్చు గానీ కల్పిత పత్రం పట్టుబడితే ఆపై దారి మూసుకుపోతుంది.

రికార్డు లేనివారు ముందుగా 'నమోదు లభ్యం కాలేదు' అన్న పత్రం తెచ్చుకోవాలి. హాలియా 2018లో పురపాలిక అయింది. అంతకుముందు గ్రామ పంచాయతీ. అందువల్ల పాత రిజిస్టర్లు ఎక్కడున్నాయో విచారించడంతోనే కొన్ని రోజులు గడుస్తాయి. పత్రం అధికారిక లెటర్‌హెడ్‌పై ఉండాలి. రికార్డు ఎందుకు లేదో, ఆ కాలానికి ఇతరుల రికార్డులైనా ఉన్నాయో లేదో అందులో పేర్కొనాలి. 'దొరకలేదు' అని ఒక్క ముక్క రాసి ముద్ర వేసినది సరిపోదు. కాగా ఏడాది దాటిన జననాల నమోదుకు 1969 చట్టం మొదటి తరగతి మేజిస్ట్రేటు ఉత్తర్వు కోరేది. 2023 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన సవరణతో ఆ అధికారం జిల్లా మేజిస్ట్రేటు, సబ్ డివిజనల్ మేజిస్ట్రేటు తదితరులకు దఖలుపడింది. నలభై ఏళ్ల క్రితం పుట్టినవారికి గత నెలలో జారీ అయిన ధ్రువపత్రాన్ని మాత్రం అమెరికా అధికారి ఒంటరిగా నమ్మకపోవచ్చు. పాఠశాల రికార్డు వంటివి జతచేయక తప్పదు.

చాలా పాత మెమోల్లో తండ్రి పేరే ఉంటుంది, తల్లి పేరు కనిపించదు. ఆ లోటును పూరించేవి ప్రమాణపత్రాలు. కనీసం ఇద్దరు ఇవ్వాలి. బంధువులైనా అభ్యంతరం లేదు గానీ పుట్టుక గురించి స్వయంగా ఎరిగినవారై ఉండాలి. తమ పుట్టిన తేదీ, చిరునామా, బంధుత్వం, ఆ విషయం తమకెలా తెలుసునో రాయాలి. మేనమామ సంతకం చేశాడు సరే, ఆ పురుడు నాటికి ఆయనకే మూడేళ్లయితే ఆ సాక్ష్యం ఎవరికి నచ్చుతుంది? పురుడు పోసిన ఇంట్లో ఉన్న అమ్మమ్మ, పెద్దమ్మల మాటకు విలువ ఎక్కువ. తెలుగులో రాసినదైతే పూర్తి ఆంగ్ల అనువాదం, అనువాదకుని ధ్రువీకరణ తప్పనిసరి.

ఇంటిపేరు మరో తలనొప్పి. మెమోలో పొడి అక్షరం, పాస్‌పోర్టులో పూర్తి ఇంటిపేరు, అమెరికా పత్రాల్లో అదే చివర. తల్లి పేరు ఒకచోట పుట్టింటి ఇంటిపేరుతో, మరోచోట అత్తింటి ఇంటిపేరుతో ఉంటుంది. మనకు సహజమైన ఈ తేడాలు అక్కడి అధికారికి ఇద్దరు వేర్వేరు మనుషులుగా కనిపిస్తాయి. పాత పాస్‌పోర్టులో పుట్టిన ఊరు ఆంధ్రప్రదేశ్, 2014 జూన్ 2 తరువాతి పత్రంలో తెలంగాణ. రాష్ట్ర విభజన గురించి ఒక వాక్యం రాసి పంపితే తీరే సందేహం అది.

కాలం తెచ్చే చిక్కులు

ఉద్యోగ ప్రాతిపదికన గ్రీన్‌కార్డుకు సాధారణంగా మూడు మెట్లు. కార్మిక శాఖ ధ్రువీకరణ, యజమాని వేసే ఐ-140, ఉద్యోగి కుటుంబం వేసే ఐ-485. ఏటా సుమారు 1,40,000 వీసాలు, ఏ దేశానికైనా 7 శాతం పరిమితి. ఫలితంగా భారతీయులలో అత్యధికులకు చివరి మెట్టు చేరేసరికి పదేళ్లు దాటిపోతోంది. ఈలోగా పాత సంస్థలు చేతులు మారుతాయి. సత్యం కంప్యూటర్స్ 2013లో టెక్ మహీంద్రాలో విలీనమైన సంగతి తెలిసిందే. అనుభవ పత్రంలో విధుల వివరం ఉండాలని అధికారి అడిగే నాటికి, నాడు సంతకం చేసిన మేనేజరు ఎక్కడున్నాడో తెలియదు. అటువంటప్పుడు సహోద్యోగుల వాంగ్మూలాలు, జీతపు రసీదులే గతి. సంస్థకు జీతం చెల్లించే స్తోమత తొలి దాఖలు తేదీ నుంచి ఉన్నదని చూపడం యజమాని బాధ్యత. చిన్న కన్సల్టెన్సీలు తడబడేది ఇక్కడే.

మూడేళ్ల బీఎస్సీ, బీకాం పట్టభద్రుల విషయం వేరు. భారత్‌లోని మూడేళ్ల డిగ్రీ అమెరికా నాలుగేళ్ల డిగ్రీకి సమానం కాదని 1977 నాటి నిర్ణయం నేటికీ వెంటాడుతోంది.

2007 జులైలో వీసా తేదీలన్నీ ఒక్కసారిగా తెరిచి, వెంటనే మూసి, మళ్లీ ఆగస్టు 17 వరకు తెరిచారు. నిరసనగా భారతీయులు వలస విభాగం అధిపతికి పూలు పంపిన ఉదంతం అప్పట్లో పత్రికలకెక్కింది. 2020 అక్టోబరులోనూ వేలాది మంది ఒక్కుమ్మడిగా దరఖాస్తు చేశారు. ఏళ్లు గడిచాక వారికి వైద్య పరీక్ష నివేదిక కోరుతూ నోటీసులు వచ్చాయి. 2024 డిసెంబరు 2 నుంచి ఆ నివేదికను దరఖాస్తుతోనే జతచేయాలి.

జవాబు నిలవక ఐ-485 తిరస్కృతమైతే అప్పీలు లేదు. పునఃపరిశీలన కోరవచ్చు. హెచ్1బీ కొనసాగుతున్నవారికి నిలువ నీడ ఉంటుంది. దానిని వదులుకుని, దరఖాస్తు ఆధారంగా వచ్చిన పని అనుమతితో ఉద్యోగం చేస్తున్నవారికి అదీ ఉండదు. ఆమోదం పొందిన ఐ-140 తాలూకు వరుస తేదీ మాత్రం, మోసం వంటి కారణాలతో రద్దు కానంత వరకు మిగులుతుంది. 21 ఏళ్లకు చేరువైన సంతానం ఉన్న ఇంట్లో ఈ తేదీల లెక్క మరీ కఠినం.

రిజిస్టరులో జననం నమోదై, శిశువు పేరు గడి ఖాళీగా ఉన్న పత్రాలు కూడా ఊళ్లో తక్కువేమీ కాదు. ఆ గడిలో పేరు చేర్పించుకునే వీలు చట్టంలోని 14వ సెక్షన్‌లో ఉంది. ఇంటర్, ఇంజినీరింగ్ చదువుతున్న పిల్లలున్నవారు ఆ పని చేయించుకోవడానికి 84 రోజుల గడువేమీ లేదు.