తెలియని భాషలో ఆరాధన

హైదరాబాదు-బెంగళూరు రహదారి మీది షాద్‌నగర్ పరిసరాలలో పరిశ్రమలు పెరిగిన కొద్దీ ఒడిశా, జార్ఖండ్ వంటి రాష్ట్రాల శ్రామికులు అక్కడికి వచ్చి చేరారు. వారిలో క్రైస్తవుడైనవాడు ఆదివారం తెలుగు ఆరాధనకు వెళ్ళినప్పుడు ఎప్పుడు లేచి నిలబడాలో, ఎప్పుడు తలవంచాలో ఇరుగుపొరుగును చూసి గ్రహిస్తాడు. రొట్టె, ద్రాక్షారసం దేనికి గుర్తులో అతనికి తెలుసు. కాని ఉపదేశం సాగినంతసేపు అతడు కేవలం ప్రేక్షకుడు.

భక్తికి భాషతో పనిలేదని కొందరంటారు. కొంతవరకు అది నిజమే. రోమన్ కాథలిక్కుల పూజ శతాబ్దాల పాటు లాటిన్‌లో జరిగినా జనులు విశ్వాసాన్ని నిలుపుకున్నారు. అయినా 1963లో రెండవ వాటికన్ మహాసభ పూజలో ప్రజల భాషలకు చోటు కల్పించింది. అంతకు చాలా పూర్వమే, 1818లో, శ్రీరాంపూరు ముద్రణాలయం నుండి తెలుగు కొత్త నిబంధన వెలువడింది. పురుషోత్తమ చౌదరి (1803-1890) తెలుగులో క్రైస్తవ కీర్తనలు రచించాడు. అర్థం తెలియని భక్తియే చాలునంటే ఈ శ్రమ అంతా అనవసరమయ్యేది.

తమ భాషలో వాక్యం వినే భాగ్యం పొందినవారికి, ఆ భాగ్యం లేనివారి పట్ల బాధ్యత ఉంది. అందుకు ఆరాధన మొత్తాన్ని మార్చనక్కరలేదు. ఒక పాఠాన్ని హిందీలోనో ఒడియాలోనో చదివించవచ్చు. ఉపదేశ సారాంశాన్ని పక్కనున్నవారు నాలుగు మాటల్లో చెప్పవచ్చు. వచ్చినవాడు కూడా క్రమంగా తెలుగు నేర్చుకోవాలి. కాని మొదటి అడుగు ఆతిథ్యమిచ్చేవారిదే. కొత్తవానిని కూర్చోబెట్టడం మర్యాద. అతనికి అర్థమయ్యేటట్లు చెప్పడం ఆదరణ.