‘పనిచేస్తోంది’ సరే.. ఎందుకో చెప్పగలరా?

2021 డిసెంబరులో కేంద్రం రూ.76 వేల కోట్లతో సెమీకండక్టర్ కార్యక్రమాన్ని ఆమోదించింది. ఆ తర్వాత గుజరాత్‌లోని సనంద్, ధొలేరా పేర్లు వార్తల్లోకి వచ్చాయి. 2025 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్‌లో చిప్ ప్యాకేజింగ్ యూనిట్‌కూ కేంద్ర మంత్రివర్గం పచ్చజెండా ఊపింది. ఈసీఈ, ఈఈఈ చదివేవాళ్లలో ఆశలు పెరగడం సహజమే. అయితే ఫ్యాక్టరీ గేటు ఒక్కటే దారి అనుకోవద్దు. చిప్ ఎక్కడ తయారైనా దాన్ని బోర్డు మీద పెట్టి, పక్కనున్న సెన్సర్‌తో మాట్లాడించాలి. ఆ మాట్లాడించే ప్రోగ్రామే డివైస్ డ్రైవర్. ఈ పని హైదరాబాద్, బెంగళూరు ఆఫీసుల్లో ఇప్పటికే జరుగుతోంది. మరి దానికి మీరు సిద్ధంగా ఉన్నారా?

రెండు తీగలు.. ఎన్నో తిప్పలు

మీ ఫైనలియర్ ప్రాజెక్టునే తీసుకోండి. బోర్డుకు ఒక సెన్సర్ కలిపారు. మధ్యలో ఐ2సీ బస్. 1980ల మొదట్లో ఫిలిప్స్ కంపెనీ రూపొందించిన పద్ధతి ఇది. ఒక తీగ మీద డేటా, ఇంకో తీగ మీద క్లాక్ వెళ్తాయి. చూడ్డానికి చాలా సింపుల్. కానీ పదిసార్లు రీడ్ చేస్తే మూడుసార్లు తప్పు విలువ వస్తోంది. ఎవరో సీనియర్ చెప్పారని స్పీడును 400 కిలోహెర్ట్జ్ నుంచి 100కి తగ్గించారు. అంతే, పనిచేసింది! రిపోర్టు బైండింగ్‌కు వెళ్లిపోయింది.

ఇంటర్వ్యూలో ఇదే చెప్పారనుకోండి. తర్వాతి ప్రశ్న ఒకటే: ‘స్పీడు తగ్గిస్తే ఎందుకు పనిచేసింది?’ చాలామంది ఇక్కడే ఆగిపోతారు. ఉద్యోగం తేలేదీ ఇక్కడే.

ఒకే మాత్ర.. రెండు జబ్బులు

పారాసిటమాల్ వేస్తే జ్వరం తగ్గుతుంది. అది మలేరియానా, టైఫాయిడా అన్నది మాత్రం తెలియదు. స్పీడు తగ్గించడమూ అలాంటిదే. దాని వెనక కనీసం రెండు వేర్వేరు కారణాలు ఉండొచ్చు.

మొదటిది తీగల సమస్య. ఐ2సీలో చిప్‌లు లైన్‌ను కిందికి లాగగలవు గానీ పైకి నెట్టలేవు. పైకి తెచ్చేది పుల్-అప్ రెసిస్టరే. రెసిస్టర్ విలువ ఎక్కువైనా, తీగ పొడవైనా సిగ్నల్ మెల్లగా పైకెక్కుతుంది. లెక్క కాగితం మీదే చేయొచ్చు. పైకెక్కే సమయం సుమారు 0.85 × రెసిస్టెన్స్ × కెపాసిటెన్స్. 10 కిలోఓమ్‌లు, 100 పికోఫారడ్‌లు అయితే 850 నానోసెకన్లు. 100 కిలోహెర్ట్జ్‌లో 1000 దాకా అనుమతి ఉంది కాబట్టి అక్కడ పాస్. 400లో అనుమతి 300 మాత్రమే, కాబట్టి ఫెయిల్! 4.7 కిలోఓమ్‌లు పెట్టినా 400 దగ్గరే ఉంటుంది. 2.2 పెడితే 187కు దిగుతుంది. ఇక్కడ డ్రైవర్ కోడ్‌లో ఒక్క అక్షరం మార్చక్కర్లేదు.

రెండోది టైమింగ్ సమస్య. సెన్సర్ ఇంకా సిద్ధం కాకపోతే క్లాక్ తీగను కిందే పట్టుకుని ‘కాస్త ఆగు’ అంటుంది. దీన్ని క్లాక్ స్ట్రెచింగ్ అంటారు. కంట్రోలర్ ఆగాలి. కానీ రాస్‌ప్‌బెర్రీ పై తొలి బోర్డులోని బీసీఎం2835 చిప్‌లో ఇక్కడే ఒక లోపం ఉంది. కొన్ని సందర్భాల్లో సరిగ్గా ఆగకుండా మరీ పొట్టి క్లాక్ పల్స్ పంపేస్తుంది. సెన్సర్ ఆ పల్స్‌ను గుర్తించకపోతే డేటా తప్పుతుంది. లోపం సిలికాన్‌లో ఉంది కాబట్టి కోడ్‌తో దాన్ని తీసేయలేం. స్పీడు తగ్గించడం, లేదా మామూలు పిన్‌లతో సాఫ్ట్‌వేర్ ద్వారా క్లాక్ నడిపే ఐ2సీ-జీపీఐఓ డ్రైవర్ వాడడం.. ఇవే దారులు.

తప్పు ఎవరిది?

ఆడలేక మద్దెల ఓడన్నట్టు హార్డ్‌వేర్ టీమ్ కోడ్‌ను, సాఫ్ట్‌వేర్ టీమ్ బోర్డును తప్పుపట్టడం మామూలే. ఆ వాదనను ఆధారంతో తేల్చగలిగినవాళ్లకే విలువ. వరస ఇలా పెట్టుకోండి:

• ముందు అడ్రస్ చూడండి. అడ్రస్‌కు ఏడు బిట్‌లు. కొన్ని డేటాషీట్‌లు రీడ్/రైట్ బిట్‌నూ కలిపి ఎనిమిది ఇస్తాయి. హెక్స్ 68 కాస్తా హెక్స్ డీ0 అవుతుంది. లైనక్స్ బోర్డయితే ఐ2సీడిటెక్ట్‌తో నిమిషంలో తెలుస్తుంది.

• తర్వాత మీ ల్యాబ్‌లోని సీఆర్ఓ. అంచు నిటారుగా లేచిందా, ఏటవాలుగా పాకిందా? పాకితే అనుమానం పుల్-అప్ మీదే.

• ఆపైన లాజిక్ ఎనలైజర్. ఇది సున్నా, ఒకటి మాత్రమే చూపిస్తుంది. అంచు వంపు ఇందులో కనపడదు. కానీ ఏ బైట్ దగ్గర క్లాక్ ఆగింది, ఎక్కడ జవాబు రాలేదు అన్నది తేలుస్తుంది. చవక ఎనలైజర్, ఉచితంగా దొరికే పల్స్‌వ్యూ సాఫ్ట్‌వేర్ చాలు.

ఆఫ్ చేసి ఆన్ చేస్తే పోదా?

ఇంకో బగ్ ఉంది. సెన్సర్ డేటా పంపుతుండగా మధ్యలో బోర్డు రీసెట్ అయింది. సెన్సర్‌కు ఆ సంగతి తెలియదు. సున్నా పంపుతూ డేటా తీగను కిందే పట్టుకుని తర్వాతి క్లాక్ కోసం చూస్తుంటుంది. బస్ మొత్తం బిగుసుకుపోతుంది. ల్యాబ్‌లో అయితే కరెంటు తీసి పెడతారు. అదే బోర్డు పొలంలో మోటార్ స్టార్టర్ డబ్బాలో ఉంటే? అర్ధరాత్రి రైతు వెళ్లి ఆఫ్ చేయాలా?

దీనికి మందు ఐ2సీ స్పెసిఫికేషన్‌లోనే ఉంది. తొమ్మిది క్లాక్ పల్స్‌లు పంపితే ఈలోగా సెన్సర్ తీగను వదులుతుంది. తర్వాత స్టాప్ ఇవ్వాలి. లైనక్స్ కెర్నెల్‌లో ఇందుకు బస్ రికవరీ కోడ్ సిద్ధంగా ఉంది. తెరిచి చదవండి. ఉచితంగా దొరికే మంచి పాఠం అది.

రెజ్యూమెలో ఏం రాయాలి?

‘ఐఓటీ ఆధారిత స్మార్ట్ అగ్రికల్చర్’ అనే టైటిల్ మీ క్లాసులోనే మరో నలుగురికి ఉంటుంది. దాని కింద ఇలాంటి ఒక లైన్ పెట్టండి: ‘400 కిలోహెర్ట్జ్‌లో రీడ్ తప్పులు. రైజ్ టైమ్ కొలిచాను. పుల్-అప్ 10 నుంచి 2.2 కిలోఓమ్‌లకు మార్చాను. పూర్తి స్పీడులో రాత్రంతా నడిపి సరిచూశాను.’ ఏం చెడింది, ఎలా కొలిచారు, ఏం మార్చారు, ఎలా నిర్ధారించారు.. నాలుగూ అందులో ఉన్నాయి.

రెడీమేడ్ ప్రాజెక్టు కొంటే టైటిల్ వస్తుంది, ఈ లైన్ రాదు. కాబట్టి ఈసారి మీ బోర్డు మొరాయిస్తే విసుక్కోకండి. స్పీడు తగ్గించే ముందు సీఆర్ఓ ప్రోబ్ అందుకోండి.